మామా తూచిన మందు

"మందు" అన్న ఒక్క మాట వల్ల నేను కువైట్ నుంచి తిరుగు విమానం ఎక్కాల్సినంత పనయింది. తాగే మందు కాదు. జ్వరానికి వేసుకునే మందూ కాదు. తుపాకిలో కూరే మందు. మన భాషలో మూడింటికీ కలిపి ఒకటే మాట పెట్టిన మహానుభావుడెవరో కనబడితే, ముందు రెండు చేతులా దణ్ణం పెట్టి, ఆ తర్వాత నాలుగు చీవాట్లు పెట్టాలని అప్పట్లో నాకు గట్టిగా ఉండేది.

అవి ఎనభైల మొదటి రోజులు. కువైట్‌లో సల్వా అనే పేటలో ఒక పెద్దాయన ఇంట్లో డ్రైవర్ని నేను. మాది కోనసీమ. ఇంటర్ గట్టెక్కి, టైపు నేర్చుకుని, ఆ టైపు ఎవరికీ అక్కర్లేకపోతే వ్యాను నడిపి, చివరికి ఇక్కడ తేలాను. ముక్కు మీద కోపం, నోటికి తాళం లేకపోవడం రెండూ నాతో పాటు విమానమెక్కి వచ్చాయి. ఆ ఇంట్లో నాకు తెలుగు మాట్లాడేందుకు దొరికిన మనిషి వంటావిడ ఒక్కతే. కడప జిల్లా మనిషి. నాకంటే బాగా పెద్దది కాబట్టి అక్కా అనేవాణ్ణి. ఇంటి యజమానిని మేం బాబా అనీ, ఆయన భార్యని మామా అనీ పిలిచేవాళ్ళం. మామాతో మాట్లాడేంత అరబ్బీ నాకు త్వరగానే పట్టుబడింది.

బాబా వయసులో ఉన్నప్పుడు సరుకు పడవల మీద బొంబాయి వచ్చి పోయేవాడు. అందుకని మాతో హిందీలో మాట్లాడేవాడు. మంచి మనిషి. ఆయన ప్రాణమంతా ఒక్క దాని మీదే ఉండేది. అది రెండు గొట్టాల తుపాకి. లైసెన్సుంది. చలికాలం వచ్చిందంటే స్నేహితులతో కలిసి ఎడారిలో గుడారం వేసుకుని, గాల్లోకి విసిరిన మట్టి పళ్ళేలను కొట్టడం ఆయనకి పండగ. ఎగిరే పళ్ళెం ఎక్కడికి పోతుందో తుపాకికి ముందే చెప్పి పెట్టినట్టు కొట్టేవాడు. నేను నోరు తెరుచుకుని చూస్తూ టీ ఒలకబోసుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

అలాంటి మనిషి స్నానాలగదిలో జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి లోపల లోహపు పట్టీ వేశారు. తుపాకి పేలినప్పుడు గుళ్ళు ముందుకు పోతే తుపాకి వెనక్కి వచ్చి భుజాన్ని గుద్దుతుంది. దాన్ని తన్నడమంటారు. ఇంకోసారి తుపాకి తన్నిందంటే ఈ భుజం నిలవదు, చెయ్యి పైకి లేవదు అని డాక్టర్ తేల్చి చెప్పాడు. మామా ఆ మాట వింటూనే ఇంటికొచ్చి తుపాకిని తన బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

ఆ తర్వాత బాబా చూస్తుండగానే ముడుచుకుపోయాడు. తిండి తగ్గిపోయింది, మాట తగ్గిపోయింది. చలికాలం మొదలయ్యాక ఒకరోజు నన్ను గుడారాల వైపు పొమ్మన్నాడు. దూరంగా కారు ఆపించి, అద్దం దించుకుని, స్నేహితులు కాలుస్తున్న చప్పుడు వింటూ కూర్చున్నాడు. దిగలేదు. చాలాసేపటి తర్వాత "యల్లా, పద ఇంటికి" అన్నాడు. అద్దంలో ఆయన ముఖం చూశాక నాకు స్టీరింగ్ పట్టుకోబుద్ధి కాలేదు.

బజారులో వేట సామాన్లు అమ్మే దుకాణం ఒకటుండేది. నడిపేది ఒక లెబనాన్ ముసలాయన. బాబాకి పాత స్నేహితుడు. ఆయన దగ్గర గోడు వెళ్ళబోసుకుంటే, ఆయన గడ్డం గోక్కుని ఒక దారి చెప్పాడు. బజారులో దొరికే తూటాలన్నీ గట్టి భుజాల కోసం చేసినవి. మందు తగ్గించి, గుళ్ళు తగ్గించి చేసిన తూటా అయితే మెల్లగా తన్నుతుంది. అలాంటివి ఎవరూ తెచ్చి అమ్మరు. కానీ కాల్చేసిన ఖాళీ తూటాలు పారేయకుండా వాటినే మళ్ళీ నింపుకోవచ్చు. అమెరికాలో, ఇంగ్లాండులో ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని ఎంతోమంది అలా చేసుకుంటారు. దానికి సామాను కావాలి, ఓపిక కావాలి, ముఖ్యంగా భయం కావాలి అన్నాడు.

మాకు అర్థం కావడం కోసం సొరుగులోంచి నిలువునా కోసిన తూటా ఒకటి తీసి గాజుపలక మీద పెట్టాడు. అమ్మ బాబోయ్! అంతవరకు నాకు తూటా అంటే ఎర్ర ప్లాస్టిక్ గొట్టం, కింద ఇత్తడి అడుగు. అంతే. ఇప్పుడు చూస్తే ఆ బొటనవేలంత దాంట్లో ఒక సంసారమే ఉంది. అడుగున బొట్టుబిళ్ళంత టోపీ. తుపాకి మేకు దాన్ని కొడితే నిప్పు పుడుతుంది. దాని మీద మందు, టీ పొడి నలకల్లా నల్లగా, చిటికెడంటే చిటికెడు. మందు మీద గుళ్ళను మోసే ప్లాస్టిక్ గిన్నె. అందులో సీసపు గుళ్ళు ఆవాల్లా. పైన మూతి కజ్జికాయ అంచులా మడతలు మడతలుగా మూసి ఉంది. ఆ చిటికెడు నల్లపొడి అంత మనిషిని వెనక్కి నెడుతుందా అని నేను దాని మీదే వంగి ఉండిపోయాను. బాబా నా వీపు మీద చరిచి, "లే, నీ ఊపిరికి పొడి ఎగిరిపోతుంది" అన్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

ఇక మొదలైంది మా చదువు. ముసలాయన ఇచ్చిన ఇంగ్లీషు కేటలాగు తెచ్చుకుని, మగవాళ్ళు కూర్చునే దివానియా వెనక గదిలో నేను చదవడం, ఆయన వినడం. ఎన్ని రకాల సామాన్లో! పాత టోపీ ఊడదీసేది, కొత్తది దూర్చేది, మందు కొలిచేది, గుళ్ళు పోసేది, మూతి మడిచేది. వీటన్నిటినీ కలిపి ఒక చేతిమర చేస్తుంది. పిడి పట్టి కిందికి లాగాలి. అందులో రెండు జాతులున్నాయి. ఒకటి చిన్నది. ఒక్కో తూటాని ఒక్కో గూట్లోకి మన చేత్తో మార్చుకుంటూ పోవాలి. రెండోది పెద్దది. రంగులరాట్నంలా తిరుగుతుంది. ఒక చుట్టు నిండాక పిడి లాగిన ప్రతిసారీ ఒక తయారైన తూటా కింద పడుతుంది. బాబా ఆ పెద్దదాని బొమ్మ మీద వేలు పెట్టి తీయలేదు. నాకూ అదే నచ్చింది. అది తిరుగుతుంటే చూడాలని చిన్నపిల్లాడిలా ఆశపడ్డాను.

దుకాణం ముసలాయన మాత్రం ఒప్పుకోలేదు. "కొత్తవాళ్ళకి అది వద్దు. అది నీకంటే వేగంగా పరిగెడుతుంది" అన్నాడు. బాబాకి రోషం వచ్చింది. "నేను తుపాకి పట్టినప్పుడు నువ్వు పలక పట్టుకుని బడికి పోతున్నావు!" అని లేచి వచ్చేశాడు. ఏ మర కొనాలో తేలలేదు. కానీ ఏ మరకైనా కదలని బల్ల ఒకటి కావాలి కదా, ముందు అది తెద్దామన్నాడు. అమ్ఘరా అనే చోట పాత ఇనుము దొడ్లలో పొద్దుటి నుంచి తిరిగి, ఏదో వర్క్‌షాపు నుంచి ఊడదీసిన బల్ల ఒకటి పట్టాం. ఎంత బరువంటే నలుగురు పఠాన్లు ఎత్తి వ్యానులో పెడుతూ నన్ను తిట్టని తిట్టు లేదు.

బల్ల దించుతుంటే వంటింటి గుమ్మంలోంచి అక్క చూసింది.

"ఏందబ్బా అది? ఎవురికోసరం ఇంత బల్ల?"

"బాబా కోసమేనక్కా. దీని మీద మందు మిషను పెడతన్నారు. ఇంట్లోనే తయారు చేసుకుంటారంట. మామాకి మాత్రం చెప్పకు, నీకు పుణ్యం ఉంటాది."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "మందా? ఇంట్లోనా?"

"ఆయ్. బయట దొరికేది మరీ ఘాటంట. ఆయన ఒంటికి పడదంట. అందుకని తక్కువ ఘాటుది సొంతంగా చేసుకుంటారంట."

"డాక్టరు వద్దనె గదప్పా!"

"వద్దన్నాడు కాబట్టే కదా పాళ్ళు తగ్గించడం! నీకన్నీ ఇవరంగా చెప్పాలంటే కుదరదు."

"పోలీసోల్లు పట్టుకుంటే?"

"ఎందుకు పట్టుకుంటారు? లైసెన్సుందిగా. ఎప్పుడో కుర్రప్పుడు తీసుకున్నారు."

"దానిగ్గూడా లైసెన్సు ఇస్తారా ఈ దేశంలో!" అని అక్క గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఈవిడకి తుపాకంటే ఇంత భయమేంటి అనుకుని నేను బల్ల సర్దుకోవడానికి వెళ్ళిపోయాను. నిజంగా ఆ క్షణంలో నాకు రెండో అర్థం తట్టలేదు. కోనసీమలో దీపావళి వస్తే మందు నూరడం, మందు ఎండబెట్టడం, మందు కూరడం మాకు ఇంటింటి పని. మా నాలుక మీద ముందు ఆ మందే ఉంటుంది.

అక్క ఆ రాత్రి కన్ను మూయలేదట. మద్యం నిషేధమైన ఆ దేశంలో, సారా కాస్తూ పట్టుబడిన ఇళ్ళలో యజమానిని మందలించి వదిలేసి, పనివాళ్ళని అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం చింపి విమానమెక్కిస్తారని ఎవరో ఆమెకి నూరిపోసి ఉన్నారు. తెల్లారుతూనే మామా దగ్గరికి పోయి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ పోగేసి, "మామా, బాబా ఖమర్ మకీనా! బైత్!" అని, బొటనవేలు నోటి వైపు ఎత్తి చూపించింది. అంటే బాబా ఇంట్లో సారా మిషను పెడుతున్నాడని.

మామా ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. నేను బల్లకి మేకులు కొడుతుంటే ఆమె చెప్పుల చప్పుడు దివానియా దాటి వచ్చింది. ఆ వైపు ఆమె అడుగు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చీ రాగానే బాబా గడ్డం పట్టుకుని ముఖం దగ్గరికి లాక్కుని నోరు వాసన చూసింది. బాబా గుడ్లు తేలేశాడు.

"యా షాయిబ్!" అంది. ముసలాడా అని దాని అర్థం. "ఈ వయసులోనా? పోయే కాలంలోనా?"

ఏమిటంటే ఏమిటని కేకలు. అక్క తలుపు వెనకాల ఏడుపు. సంగతి అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాలో పారిపోవాలో తెలియలేదు. గబగబా కేటలాగు తెచ్చి బొమ్మలు చూపించి, బారూద్ మామా, బారూద్ అని మొత్తుకున్నాను.

"అయ్యో నా తండ్రే! తుపాకి మందని ముందే చెప్పుకోని చావగూడదా! నిన్నటాల్నుంచి పేగులు తెగి పోతాండాయి నాకు" అని అక్క నన్ను రెండు చేతులా దీవించింది.

మామా నవ్వడం మొదలుపెట్టింది. బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. బాబా కూడా నవ్వాడు. గండం గడిచిందనుకున్నాను. అంతలో ఆమె నవ్వు ఆగిపోయింది. కేటలాగు మూసి పక్కన పెట్టింది.

"ఖమర్ అయినా బాగుండేది. పారబోసేదాన్ని" అంది.

తర్వాత నా వైపు తిరిగి అడిగింది. మందు ఎక్కువ పడితే ఏమవుతుంది? బాబా నా వైపు చూశాడు, వద్దు అన్నట్టు. ఏం చేయను, నేను చదివిన ప్రతి పేజీలోనూ అదే రాసి ఉంది. గొట్టం పగులుతుంది మామా, చెయ్యి పోతుంది, కన్ను పోతుంది అని చెప్పేశాను.

"ఎవరు తూస్తారు?"

"నేనే" అన్నాడు బాబా.

మామా పక్కనున్న టీ గ్లాసు తీసి ఆయన కుడి చేతికిచ్చింది. ఆయన పట్టుకున్నాడు. చెయ్యి వణికింది, టీ తొణికి బల్ల మీద పడింది. ఆయన దాన్ని దించలేదు, ఎత్తలేదు. అలాగే పట్టుకుని తల దించుకున్నాడు. నేను గోడ వైపు తిరిగాను. అంత మనిషిని అలా చూడటం నా వల్ల కాలేదు.

మామా గ్లాసు తీసుకుని కింద పెట్టి, "ద్రేవిల్, కారు తియ్యి" అంది. వాళ్ళ నోట డ్రైవర్ అలాగే పలుకుతుంది. "ఆ దుకాణమేదో నేను చూస్తాను."

ఆ రోజు ఆ దుకాణంలో మామాని చూసి నేను మామూలు మనిషిని కాలేకపోయాను. నల్లటి అబాయాలో, బంగారు గాజులతో, తుపాకి గొట్టాల మధ్య తోలు కుర్చీలో కూర్చుని, "చూపించు" అంది. దుకాణం ముసలాయన వినయంగా ముందు పెద్ద మర తెచ్చి బల్లకి బిగించాడు. అది గిర్రున తిరుగుతుంటే నేనూ బాబా మైమరచి చూస్తున్నాం. మామా ఒక్కటే అడిగింది.

"మందు పడిన తర్వాత, మూతి మూసే లోపల, నేను లోపలికి చూడగలనా?"

ముసలాయన కాస్త ఆలోచించి, "ఇందులో కష్టం ఉమ్మీ. చెయ్యి ఆగదు కదా" అన్నాడు. ఉమ్మీ అంటే అమ్మా అని.

"చిన్నదాంట్లో?"

"అందులో చూడొచ్చు. కావాలంటే అన్నీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కదాన్నీ చూడొచ్చు."

"అదే కట్టు."

ఖలాస్. మేమిద్దరం వారాల తరబడి పేజీలు తిరగేసి తేల్చలేనిది ఆమె ఆ ఒక్క ప్రశ్నతో తేల్చేసింది. బాబా పెద్ద మర వైపు చూసి నిట్టూర్చాడు గానీ నోరు ఎత్తలేదు.

తర్వాత మందు కొలిచే సంగతి. చిన్న చెంచాల్లాంటి కొలతలున్నాయి, ముంచి గీసి పోయడమే. ముసలాయన వాటిని చూపిస్తుంటే మామా అందులో ఏలకుల గింజలు పోయించింది. ఒకసారి మెల్లగా, ఒకసారి తట్టి. తట్టినప్పుడు ఎక్కువ పట్టాయి. చెంచా పక్కకి నెట్టేసింది. అప్పుడు ఆయన లోపలికెళ్ళి చిన్న త్రాసు తెచ్చాడు. ఒకవైపు పళ్ళెం, ఇంకోవైపు గీతలు గీసిన ఇత్తడి కడ్డీ, చివర ముల్లు. దాన్ని సున్నా మీద నిలిపి చేతులు తీశాడు. మామా అబాయా అంచులోంచి ఒక నల్ల పోగు లాగి, తెంపి, ఊపిరి బిగబట్టి పళ్ళెంలో వేసింది.

ముల్లు కదిలింది.

దారప్పోగుకి బరువుంటుందని, ఆ బరువుని చూపించే వస్తువు ఒకటి లోకంలో ఉందని నాకు అప్పుడు తెలిసింది. మా నలుగురి తలలూ ఆ ముల్లు మీద కలుసుకున్నాయి. ఆ పోగు తీసేస్తే ముల్లు మళ్ళీ సున్నాకి వచ్చి నిలబడింది. ఒళ్ళు జలదరించిందంటే నమ్మండి. "ఇది" అంది మామా.

ఇంటికొచ్చాక ఆ గదికి ఆమె చట్టాలు పెట్టింది. తలుపు, కిటికీ మూయాలి, గాలికి త్రాసు ఊగుతుంది. నిప్పు, బుఖూర్ ధూపం ఆ దరిదాపులకి రాకూడదు. ఆమె తూచేటప్పుడు ఎవరూ పెదవి కదపకూడదు. బాబా ఎడమ చేత్తో పిడి లాగాలి, నేను టోపీలు అందించాలి. కేటలాగుతో పాటు వచ్చిన పట్టికలో ఏ మందుకి ఎంత, ఏ గిన్నెకి ఎన్ని గుళ్ళు అని మెట్లు మెట్లుగా ఉంది. ఆ మెట్లలోనే దిగాలి, వాటిని దాటి ఒక్క పలుకు అటూ ఇటూ జరగకూడదు. నేను చదివి చెబితే ఆమె మళ్ళీ చదివించేది. మళ్ళీ చదివితే ఇంకోసారి అనేది. నాకు చిరాకేసి, "మామా, అంకె మారదు" అంటే, "నువ్వు మారతావు" అంది.

మందు పోసిన తూటాలు నోళ్ళు తెరుచుకుని వరసగా నిలబడేవి. నేను టార్చి పట్టుకుంటే ఆమె ఒక్కొక్కదాని మీద వంగి లోపలికి చూసేది. ఒకసారి మధ్యలో మసీదు నుంచి అజా వినబడింది. ఆమె చెయ్యి ఆగింది. ప్రార్థన చేసుకుని వచ్చాక తను ఆపిన తూటాకి మందు పోశానా లేదా అని ఒక్క క్షణం తటపటాయించింది. నేను పోశారు మామా, నేను చూశాను అన్నాను. ఆమె నా మాట విననట్టే ఆ వరసంతా తిరగేసి మందు కాగితం మీదికి వంచేసి మొదటి నుంచి మొదలుపెట్టింది. బాబా తన గడ్డంలో తను ఏదో గొణిగాడు. వంటింట్లోంచి అక్క తొంగిచూసి, "బిర్యానీలో ఉప్పేసేటప్పుడు గూడా ఆయమ్మ ఇంత సూచ్చే ఎంత బాగుండు" అని పోయింది.

మొదటి తూటాకి మూతి మడత పడిన క్షణం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. బాబా పిడి లాగి వదిలాడు. తెరుచుకుని ఉన్న ప్లాస్టిక్ నోరు చక్కగా మడతలు పడి మూసుకుంది. మామా దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మా చేతులతో చేశామంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ వారంలో ఒక పొద్దున, స్నేహితులెవరూ రాని రోజు చూసి ఎడారికి బయల్దేరాం. బాబా, మామా, నేను, టీ ఫ్లాస్కు పట్టుకుని అక్క. తుపాకి మామా ఒళ్ళో ఉంది.

గుడారాలకి దూరంగా ఆపాం. మొదటిది ఎలా కాల్చాలి అన్నది నేనే లేవదీశాను. పగిలిందంటే మనుషులు పోతారు కదా. అందుకని పాత టైరుకి తుపాకిని కట్టేసి, దూరంగా కూర్చుని తాడుతో లాగుదామన్నాను. మంచి ఉపాయమని బాబా మెచ్చుకున్నాడు. అలాగే చేశాం. కారు వెనకాల దాక్కుని తాడు లాగాను. పేలింది. తుపాకి చెక్కుచెదరలేదు. నేను గంతేశాను. బాబా తుపాకి కోసం చెయ్యి చాపాడు.

మామా ఇవ్వలేదు.

"పగల్లేదని తెలిసింది. ఎంత గట్టిగా తన్నుతుందో టైరు చెప్పదు కదా" అంది.

అబాయా వెనక్కి సర్దుకుని, తూటా తనే పెట్టుకుని, ఎక్కడ ఆనించాలి అని బాబాని అడిగింది. ఆయన వద్దు, వద్దు అంటున్నాడు. అక్క నా చొక్కా పట్టుకుని, "యప్పా, ఆపు అబ్బాయ్, ఆయమ్మను ఆపు!" అంటోంది. ఎవరు ఆపుతారు ఆమెని! చివరికి బాబానే ఆమె భుజం గుంటలో తుపాకి మడమ సరిగా ఆనించి పక్కకి జరిగాడు. బిస్మిల్లా అని ఆమె ఆకాశంలోకి కాల్చింది.

ఒక అడుగు వెనక్కి పడింది. నిలదొక్కుకుంది. ఊపిరి పీల్చుకుని, "ఎక్కువే" అంది. "ఇంకా తగ్గించాలి." కారెక్కి కూర్చుంది.

ఇంటికొచ్చి పట్టికలో ఇంకో మెట్టు దిగాం. మళ్ళీ తూచడం, మళ్ళీ టార్చి, మళ్ళీ ఎడారి. ముందు టైరు, తర్వాత ఆమె భుజం. మళ్ళీ "ఎక్కువే". ఇంట్లో అక్క ఉప్పు వేయించి గుడ్డలో కట్టి ఆమె భుజానికి కాపడం పెట్టేది. ఒకరోజు వంటింట్లో నాతో అంది, "నేరేడుపండు మాదిరి కమిలి పోయిండాది అబ్బాయ్. అంటుకుంటే అమ్మా అంటాది. మల్లా రేపు పోదామంటాది. ఏం మనిషప్పా ఆయమ్మ!" ఆ మాట అంటూ అక్క కళ్ళొత్తుకుంది. నాకూ ఏడుపు వచ్చింది, అది దాచుకోవడానికి అక్క మీద అరిచాను.

బాబాకి తెలిసిపోయింది. మర్నాడు కారు దగ్గరికి వచ్చి తలుపు తీయకుండా నిలబడ్డాడు. "నాకు వద్దు. తుపాకి వద్దు, ఏమీ వద్దు. చాలు. మర అమ్మేద్దాం" అన్నాడు.

మామా కారులోంచే అంది, "కారులో కూర్చుని పక్కవాళ్ళ తుపాకుల చప్పుడు విన్నావట కదా. ద్రేవిల్ చెప్పాడు." నేను చెప్పిన మాట నిజమే. నోటికి తాళం లేదన్నాను కదా. "ఎక్కు, యా షాయిబ్."

ఆయన ఎక్కాడు.

ఆ రోజు పట్టికలో అట్టడుగు మెట్టు. అంతకంటే కిందికి దిగడానికి లేదు. ఇదీ ఎక్కువే అందంటే ఇక అయిపోయినట్టే. ఆ సంగతి మా నలుగురికీ తెలుసు. టైరు అయింది. మామా తుపాకి ఎత్తింది. నేను చూడలేక ఇసుక వైపు చూశాను. పేలింది. ఆమె ఏమంటుందా అని చెవులు రిక్కించాను. ఏమీ అనలేదు. తలెత్తి చూస్తే, తుపాకి మడిచి ఖాళీ తూటా తీసేసి, రెండు చేతులతో దాన్ని బాబా ముందుకి చాపి నిలబడి ఉంది.

బాబా తీసుకున్నాడు. కొత్త తూటా పెట్టాడు. భుజానికి ఆనించేటప్పుడు కళ్ళు మూసుకుని తెరిచాడు. "విసురు" అన్నాడు నాతో.

మట్టి పళ్ళేన్ని శక్తి కొద్దీ విసిరాను. తుపాకి పేలింది. పళ్ళెం పగిలిందో లేదో నేను చూడలేదు. మామా చూడలేదు, అక్క చూడలేదు. మా ముగ్గురి చూపూ ఆయన భుజం మీదే ఉంది. బాబా తుపాకిని ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి మెల్లగా పైకెత్తాడు. ఇంకా పైకి, తల మీదికి ఎత్తాడు. వేళ్ళు విప్పి ముడిచాడు. అలాగే నడిచి వచ్చి ఆ చేత్తోనే మామా తల దగ్గరికి తీసుకుని, పనివాళ్ళం మేం చూస్తున్నామని కూడా లేకుండా, నుదుటి మీద ముద్దు పెట్టాడు.

మామా సిగ్గుపడి ముసుగు సర్దుకుని, నా మీద కసిరింది.

"చూస్తావేంటి ద్రేవిల్? ఇంకొకటి విసురు."